గిలకలదిండి – కువైట్: ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు

నేను ముప్ఫయ్యేడు సార్లు విమానం ఎక్కాను. గొప్ప కోసం చెప్పటం లేదు, లెక్క కోసం చెబుతున్నాను. ఏ ఊరి నుంచి ఏ ఊరికి ఎన్ని గంటలో నన్నడగండి. ఆ సెల్‌ఫోన్లు పక్కన పెట్టండి. మేఘం రంగు చూసి కింద ఏ దేశమో చెప్పగలను. అంతటివాణ్ణి, ఈ కేసు విన్నాక మూడు రోజులు అన్నం సయించలేదు.

ఎందుకంటే ఇందులో శవం లేదు. శవం ఉంటే ఒక రకంగా నయం. అయ్యిందేదో అయ్యిందని తెలుస్తుంది. ఇందులో ఒక ఆడపిల్ల గొంతు మాత్రమే ఉంది. పంతొమ్మిది సెకన్లు.

గురువారం. ఉదయం తొమ్మిదీ ఇరవై.

విజయవాడ గవర్నర్‌పేటలో ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేల్ షాపు మీద, మొదటి అంతస్తులో, సుబ్బరత్నం ఆఫీసు. పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయింది. ఇప్పుడు ప్రైవేట్ డిటెక్టివ్. వయసు యాభై ఎనిమిది. మోకాళ్ల నొప్పి. మెట్లెక్కి వచ్చినవాళ్లలో సగంమంది అబద్ధాలు చెబుతారని ఆవిడ నమ్మకం. మిగతా సగం సగమే చెబుతారట.

ఆ రోజు మెట్లెక్కి వచ్చినావిడ పేరు వీరమ్మ. బందరు పక్కన గిలకలదిండి. హార్బర్‌లో చేపలు కొని తట్టలో అమ్ముకునే మనిషి. కుర్చీ చూపించినా కూర్చోలేదు. రెండు చేతులతో ఫోను పట్టుకుని నిలబడింది.

"మా హేమ అమ్మగారూ. నా కూతురు. కువైట్ పోయింది."

"పోయిందా? పోయిందని చెప్పారా?"

వీరమ్మ వేలితో ఫోను నొక్కింది.

ఆడపిల్ల గొంతు. మెల్లగా, ఎవరో వీపు వెనకాల నిలబడ్డట్టు.

"అమ్మా, నేను హేమని. కువైట్‌లో దిగాను. క్షేమం. దిగులుపడకు. కొన్నాళ్లు ఫోనుండదు." ఇక్కడ ఊపిరి పీల్చిన చప్పుడు. "ఇక్కడ టైం పన్నెండూ యాభై అయిందే అమ్మా. పన్నెండూ యాభై."

అంతే. ఆగిపోయింది.

సుబ్బరత్నం మళ్లీ పెట్టమంది. మళ్లీ. నాలుగోసారి విన్నాక లేచి ఫ్యాను ఆపేసింది. అయిదోసారి విన్నది.

"ఇది ఎప్పుడొచ్చింది?"

"మంగళవారం మధ్యాన్నం. పన్నెండూ యాభైకి. ఆ తరవాత ఫోను స్విచాఫ్. బుధవారమంతా చేశాను. స్విచాఫే."

"ఎవరు పంపించారు కువైట్?"

"మణికుమార్ గారని ఏజెంటు. ఈ గవర్నర్‌పేటలోనే ఆఫీసు. ఇళ్లల్లో పనికి పంపిస్తాడు."

"ఏమన్నాడు?"

"పనిలో చేరింది, ఆ ఇంటోళ్లు ఫోను తీసుకుంటారు, నెల దాకా అంతే అన్నాడు. మా ఎస్సై గారు కూడా దిగింది కదమ్మా, గొంతు విన్నావు కదమ్మా అన్నారు." వీరమ్మ ఫోను వైపు చూసింది. "విన్నాను. అది నా పిల్ల గొంతే. కానీ అది భయపడ్డప్పటి గొంతు అమ్మగారూ. చిన్నప్పుడు తుఫానొస్తే నా పక్కలో దూరి ఇట్టాగే మాట్లాడేది."

సుబ్బరత్నం పెన్ను తీసింది.

"ఇంటి దగ్గర్నించి ఎప్పుడు బయల్దేరింది?"

"సోమవారం. పొద్దున ఆరూ పన్నెండుకి. ముహూర్తం చూసి."

"ఎవరు చూశారు ముహూర్తం?"

"ఆ మణికుమార్ గారే చూయించాడు. దేవుడంటే మహా భక్తి."

"ఎందులో వెళ్లింది?"

"కారులో. వాళ్ల డ్రైవరు కోటి వచ్చాడు."

"టికెట్ చూశారా?"

"ఎయిర్‌పోర్టులో ఇస్తామన్నారు."

"ఏజెంటుతో గొడవలేమైనా?"

వీరమ్మ తలుపు వైపు చూసింది. అక్కడెవరూ లేరు. అయినా గొంతు తగ్గించింది.

"గొడవ కాదు. హేమ స్నేహితురాలు ఉష కూడా వచ్చే నెల పోవాలి. ఇద్దరి వీసా కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నారు. రెండిటి మీదా ఒకటే నెంబరు. ఇదేంటని మా పిల్ల ఆయన్నే అడిగింది. కంప్యూటర్ తప్పమ్మా, ఎవరితో అనకు, నిన్ను ముందు పంపిస్తా అన్నాడు."

పెన్ను ఆగింది.

"అడిగి ఎన్నాళ్లయింది?"

"పది రోజులు."

"ఉష ఎక్కడుంది?"

"ఊళ్లోనే. వాళ్ల అన్నయ్య గడప దాటనివ్వట్లేదు."

"మంచి పని చేస్తున్నాడు. మీరు తిండి తిని ఎన్నాళ్లయింది?"

"ఆ రోజు తిన్నదే అమ్మగారూ. సోమవారం బోటు మధ్యాన్నానికి పండుగప్ప తెచ్చింది. పులుసు పెట్టాను. పిల్ల రెండుసార్లు వడ్డించుకు తింది. ఆ చేత్తోనే నాకూ ముద్ద పెట్టింది. ఆ తరవాత నాకు మెతుకు దిగలేదు."

సుబ్బరత్నం అది కూడా రాసుకుంది. రాసుకుంది గాని చదువుకోలేదు. ఆ మాట ఆవిడే తరవాత నాతో అన్నది. ఆ పూట చదువుకునుంటే రెండున్నర గంటలు కలిసొచ్చేవట.

తొమ్మిదీ నలభై అయిదు. గిలకలదిండి వైపు స్టేషన్‌లో ఎస్సై రామకోటేశ్వరరావుకి ఫోను చేసింది. మంచి మనిషే. కాగితం మీద ఉన్నదే నమ్ముతాడు, కాగితం కిందికి చూడడు.

"మేడమ్, నేను లెక్క వేశాను. చూడండి. సోమవారం ఆరూ పన్నెండుకి ఇంటి దగ్గర బయల్దేరింది. ఈ సంగతి తల్లి చెప్పింది, ఎదురింటి ముసలావిడ చెప్పింది, వీధంతా చెప్పింది. సాయంత్రానికి హైదరాబాద్. రాత్రి లాడ్జి. మంగళవారం ఏడున్నరకి హైదరాబాద్ నుంచి కువైట్ ఫ్లైట్. టికెట్ కాపీ ఏజెంట్ ఇచ్చాడు, నా ముందే ఉంది."

"ఎన్ని గంటలు?"

"మూడు వేల మూడొందల చిల్లర కిలోమీటర్లు మేడమ్. అయిదు గంటలు. ఏడున్నరకి అయిదు కలిపితే పన్నెండున్నర. పన్నెండూ యాభైకి మెసేజ్. దిగి ఫోన్ ఆన్ చెయ్యడానికి ఇరవై నిమిషాలు. ఇంతకన్నా ఏం సరిపోవాలి?"

"ఫ్లైట్ ఎక్కిందా లేదా అడిగారా?"

"లెటర్ పెట్టాం. జవాబు రావాలి. రేపో ఎల్లుండో. మేడమ్, ఆ అమ్మాయి కువైట్‌లో ఉంది. ఎంబసీకి రాసుకోమని చెప్పండి. మన చేతిలో ఏముంది?"

సుబ్బరత్నం ఫోను పెట్టేసింది.

అదీ అసలు భయం. పిల్ల కువైట్‌లో ఉందని అందరూ నమ్మితే, ఇక్కడ ఎవరూ వెతకరు. ఒక మనిషిని దాచడానికి గోడలక్కర్లేదు. మూడు వేల కిలోమీటర్ల దూరంలో ఉందని చెబితే చాలు.

"పదండి వీరమ్మగారూ. మీ ఇల్లు చూడాలి."

*

పదకొండూ నలభై. గిలకలదిండి.

రెండు గదుల డాబా. ముందు గదిలో గోడకి రెండు గడియారాలు. ఒకటి పాతది, చెక్కది. ఇంకొకటి నీలం ప్లాస్టిక్‌ది, కొత్తది. దాని కింద కాగితం అంటించి ఉంది. కాగితం మీద గుండ్రటి అక్షరాలు: హేమ.

"ఇదేంటి?"

"పిల్ల పోయే ముందు పెట్టింది అమ్మగారూ. నీలం గడియారంలో కువైట్ టైమట. నీకు పది అయితే నాకు ఏడున్నరే అమ్మా, ఇది చూసి ఫోన్ చెయ్యి, తెల్లారకుండా లేపకు అని నవ్వింది."

ఈ రెండున్నర గంటల తేడా సంగతి, ముప్ఫయ్యేడు సార్లు విమానమెక్కినవాడికి ముందే తెలిసుండాలి కదా అని మీరనుకోవచ్చు. తెలియదు. ఎందుకంటే ఎక్కలేదు. ఒక్కసారీ ఎక్కలేదు. గన్నవరం రోడ్డు పక్కన చెరుకు రసం తాగుతూ దిగే విమానాలు లెక్కపెట్టాను, ముప్ఫయ్యేడు అయ్యాయి. ఆ గాలికి నా కండువా లేచి వెళ్లి చెరుకు బండి ఎద్దు కొమ్ముకి చిక్కుకుంది. ఇంతకన్నా నాకూ విమానానికీ చుట్టరికం లేదు. దూరాలన్నీ సుబ్బరత్నం చెప్పినవే. పడమటికి పోయేకొద్దీ పొద్దు ఆలస్యంగా పొడుస్తుందని, కువైట్‌లో గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనకుంటుందని ఆవిడే నాకు వేలు మడిచి చెప్పింది. మళ్లీ కథలోకి రండి.

సుబ్బరత్నం తలెత్తి రెండు గడియారాలూ చూసింది.

చెక్క గడియారం పదకొండూ నలభై రెండు.

నీలం గడియారం పదకొండూ నలభై రెండు.

"ఇది ఎవరు మార్చారు?"

"నేనే." వీరమ్మ తప్పు చేసినదానిలా నిలబడింది. "మంగళవారం మెసేజొచ్చినప్పుడు పిల్ల పన్నెండూ యాభై అంది. నీలం దాంట్లో చూస్తే పదీ ఇరవై. అక్కడున్న పిల్లకి తెలియదా? బ్యాటరీ అయిపోయి వెనకబడిందనుకున్నాను. ముల్లు తిప్పి సరిచేశాను."

సుబ్బరత్నం ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఎన్నో చూసిన మనిషి. ఆ రెండు గడియారాలూ ఒక్కలాగే కొట్టుకుంటుంటే మాత్రం కుర్చీ కోసం వెనక్కి తడుముకుంది.

"తిప్పే ముందు బ్యాటరీ బాగానే ఉంది వీరమ్మగారూ. మీ అమ్మాయి పొరపాటున చెప్పలేదు. ఆ మాట ఎవరూ చెప్పమనలేదు. తనే కలిపింది. రెండుసార్లు చెప్పింది."

"అంటే?"

"మనకి ఎంతయిందో తనకీ అంతే అయింది."



పన్నెండూ ఏడు. మళ్లీ ఎస్సైకి ఫోను. ఎస్సై విన్నాడు. నిట్టూర్చాడు.

"మేడమ్, విమానం దిగగానే ఫోన్‌లో ఇంకా మన టైమే చూపిస్తుంది కొందరికి. చూసి చెప్పేసుంటుంది. దీన్ని పట్టుకుని ఏజెంట్‌ని ఎలా లోపలేస్తాను? టికెట్ ఉంది, సోమవారం బయల్దేరిందని సాక్షులున్నారు."

అతను అన్నదాంట్లోనూ న్యాయం ఉంది. సుబ్బరత్నం నోటుబుక్కు తెరిచింది. మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి. వాకిట్లో ఎండుచేపల మీద కాకి వాలింది. ఎవరూ అదిలించలేదు.

మూడో పేజీలో ఆగింది. వెనక్కి తిప్పింది. మళ్లీ ముందుకి.

లేచి నిలబడి వీరమ్మని ఒక్క ప్రశ్న అడిగింది. వీరమ్మ జవాబు చెప్పి, ఎదురిల్లు చూపించింది. ఆ ప్రశ్న ఏమిటో ఇప్పుడే చెప్పను. డిటెక్టివ్ కథ చెప్పేవాడికి ఆ మాత్రం హక్కుంటుంది.

సుబ్బరత్నం వంగి ఎదురింట్లోకి వెళ్లింది. వంగక తప్పదు, ఆ ఇంటి గుమ్మం నా భుజం ఎత్తు. నాలుగు నిమిషాల్లో బయటికొచ్చింది. వెనకాల కర్ర పట్టుకుని శౌరమ్మ. డెబ్భై ఆరేళ్ల ఎదురింటి ముసలావిడ. మెడలో సిలువ.

"ఎస్సై గారూ," ఫోనులో సుబ్బరత్నం గొంతు మారింది, "మీరు జీపు తీయండి. ఏజెంట్‌కి ఏదో సంతకం కావాలని చెప్పండి. డ్రైవర్ కోటి కూడా ఉండాలి. రెండూ ఇరవైకి గవర్నర్‌పేట, ఏజెంట్ ఆఫీసులో. నేను తప్పయితే నా మీద కేసు పెట్టండి."

*

రెండూ ఇరవై మూడు.

మణికుమార్ ఆఫీసు. ఏసీ. గోడ నిండా ప్రపంచ పటం. ఊళ్ల మధ్య ఎర్ర దారాలు. మణికుమార్‌కి నలభై అయిదుంటాయి. నుదుట విభూతి. నవ్వు ముఖం. పక్కన డ్రైవర్ కోటి. నుదుటి మీద ప్లాస్టర్. తలుపు దగ్గర ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు. సోఫా అంచున వీరమ్మ, శౌరమ్మ.

"ఏంటండీ మేడంగారూ, ఇంతమందిని తీసుకొచ్చారు? టీలు చెప్పమంటారా?"

"వద్దండి. రెండు ముక్కలడిగి వెళ్లిపోతాం. హేమని ఎప్పుడు తీసుకెళ్లారు?"

"ఎస్సై గారికి చెప్పానండీ. సోమవారం. పొద్దున ఆరూ పన్నెండు. దివ్యమైన ముహూర్తం. మా కోటి స్వయంగా హైదరాబాద్‌లో దించి వచ్చాడు."

"కోటీ, అంతేనా?"

"అంతేనండి. సోమవారమేనండి."

"నుదుటికేమైంది?"

కోటి చెయ్యి ప్లాస్టర్ మీదికి వెళ్లింది. "కారు డోరు తగిలిందండి."

"ఎప్పుడు?"

"నిన్ననండి."

సోఫా మీద శౌరమ్మ కర్ర నేలకి తాటించింది.

"కారు డోరా? ఒరే అబ్బాయ్, నా గుమ్మానికి కొట్టుకున్నావు గదరా! వంగరా, వంగరా అని అరుస్తూనే ఉన్నాను. పొడుగుందని మిడిసిపడితే అంతే. పసుపద్దిందెవర్రా, కారు డోరా?"

సుబ్బరత్నం ఆవిడ వైపు తిరిగింది.

"ఎప్పుడు కొట్టుకున్నాడు శౌరమ్మగారూ?"

"సంచీ తీసుకోవడానికొచ్చినప్పుడు. మంగళవారం. నాలుగున్నర. ఇంకా చీకటే."

ఎస్సై ముందుకొచ్చాడు. "మంగళవారమా? నా కానిస్టేబుల్‌కి సోమవారం బయల్దేరిందని చెప్పావు కదమ్మా!"

"సోమవారమే బయల్దేరింది." శౌరమ్మ ఏమాత్రం తడబడలేదు. "ఎవర్నడిగినా అదే చెబుతారు."

"మరి మంగళవారం?"

"మంగళవారం వెళ్లింది."

ఎస్సై టోపీ తీసి తల గోక్కున్నాడు. సుబ్బరత్నం అతని వైపు తిరిగింది.

"ఎస్సై గారూ, మంగళవారం మీ ఇంట్లో ఎవరైనా ప్రయాణం పెట్టుకుంటారా?"

"పెట్టుకోరు మేడమ్."

"తప్పనిసరైతే ఏం చేస్తారు?"

అతని నోరు తెరుచుకుంది. తరవాత మెల్లగా అన్నాడు.

"ప్రస్థానం పెడతారు."

"అదీ. మంచి ఘడియలో సంచీ ఒక్కటి తీసుకెళ్లి పక్కింట్లో పెడతారు. సంచీ గడప దాటితే మనిషి దాటినట్టే. ఇక ఆ క్షణం నుంచి మనిషి బయల్దేరినట్టే లెక్క. మనిషి ఇంట్లోనే ఉన్నా, తిన్నా, పడుకున్నా సరే. ఎవరైనా అడిగితే బయల్దేరిందనే అంటారు. బయల్దేరలేదంటే ప్రయాణానికి కీడు. వీధివీధంతా మీకు నిజమే చెప్పింది. మీరు సంచీ బయల్దేరిన టైం రాసుకున్నారు. పిల్ల బయల్దేరిన టైం ఎవరూ అడగలేదు. పొద్దున నేనూ అడగలేదు. మధ్యాహ్నం వీరమ్మగార్ని అడిగింది ఆ ఒక్కటే, సంచీ ఏ ఇంట్లో పెట్టారని."

"మా వీధిలో ప్రస్థానమంటే నా ఇంట్లోనే," అంది శౌరమ్మ కొంచెం గర్వంగా. "నేను చర్చి మనిషినే. అయినా నా చెయ్యి మంచిదని అందరూ నా గడపలోనే పెడతారు."

సుబ్బరత్నం నోటుబుక్కు తెరిచింది.

"నా కళ్ల ముందే ఉంది. సోమవారం బోటు మధ్యాహ్నానికి పండుగప్ప తెచ్చింది. ఆ పులుసు పిల్ల రెండుసార్లు వడ్డించుకుని తిన్నది. సోమవారం పొద్దున ఆరూ పన్నెండుకి హైదరాబాద్ కారెక్కిన పిల్ల, సోమవారం మధ్యాహ్నం దొరికిన చేప ఎలా తింటుందండీ?"

మణికుమార్ నవ్వాడు. ఆ నవ్వు ముఖంలో సగానికే వచ్చింది.

"మేడంగారూ, ముసలావిడకి రోజులు గుర్తుండవు. చేప ఆదివారంది అయ్యుంటుంది."

"సరే. వీరమ్మగారూ, మంగళవారం విమానం ఎక్కడ ఎక్కిస్తామన్నారు?"

"గన్నవరం అన్నాడమ్మగారూ. ఏడున్నరకి. అందుకే నాలుగున్నరకి కారొచ్చింది."

"మీరు ఎస్సై గారికిచ్చిన టికెట్ హైదరాబాద్‌ది." సుబ్బరత్నం గోడ మీది పటం దగ్గరికి నడిచింది. వేలు పెట్టింది. "ఇది గిలకలదిండి. ఇది హైదరాబాద్ ఎయిర్‌పోర్టు. రోడ్డు మీద మూడు వందల యాభై కిలోమీటర్లు. నాలుగున్నరకి ఇక్కడ కారెక్కిన మనిషి ఏడున్నరకి అక్కడ విమానంలో ఎలా కూర్చుంటుంది? ఏడున్నరకి ఆ విమానం లేచేటప్పటికి మీ కారు ఇంకా సగం దారిలోనే ఉంటుంది." వేలు ఎడమ వైపు జరిగింది. "ఇది కువైట్. పిల్ల కారెక్కింది నాలుగున్నరకి. కువైట్‌లో దిగానని చెప్పింది పన్నెండూ యాభైకి. ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. అందులో అయిదు గంటలు గాలిలో. మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి. అంటే ఇక ఇరవై నిమిషాలు మిగిలాయి. ఇరవై నిమిషాల్లో బందరు నుంచి హైదరాబాద్!"

ఆవిడ పటం వదిలి మణికుమార్ వైపు తిరిగింది.

"ప్రస్థానం సలహా కూడా మీదే మణికుమార్ గారూ. మన వాళ్లు సంచీ బయల్దేరిన రోజే చెబుతారని మీకు తెలుసు. ఒక రోజు మీకు ఊరికే కలిసొచ్చింది. ఆ రోజులో పిల్లని హైదరాబాద్ చేర్చేసినట్టు కాగితాల మీద చూపించారు. పిల్ల నోరు విప్పితే మీ దగ్గర ఒకటే నెంబరు వీసాలు తీసుకున్నవాళ్లంతా తిరగబడతారు. అందుకని కువైట్ పంపించేశారు. ఊళ్లోనే ఉంచి."

"మీ దగ్గర సాక్ష్యం ఏముందండీ?" మణికుమార్ గొంతులో నవ్వు పోయింది. "ముసల్దాని మాటా? చేప పులుసా?"

సుబ్బరత్నం అతని వైపు చూడలేదు. కోటి వైపు చూసింది. కోటి గోడ గడియారం చూస్తున్నాడు. ఆఫీసులోకి వచ్చినప్పటి నుంచి అతను చూస్తున్నది అదే. ఇది ఆవిడ గమనించింది.

"మూడింటికి ఏముంది కోటీ?"

అతను ఉలిక్కిపడ్డాడు. మూడు అన్నది ఆవిడ ఊరికే వేసిన రాయి. తగిలింది.

"నాకేం తెలియదండి."

వీరమ్మ లేచింది. అందరూ ఆవిడ కోటిని కొడుతుందనుకున్నారు. కొట్టలేదు. అతని ముందు నిలబడి, ముఖంలోకి చూసింది.

"నాయనా. మంగళవారం నీకు కాఫీ ఇచ్చాను. పంచదార చాల్లేదంటే మళ్లీ వేశాను. అమ్మా, చెల్లెల్ని నేను జాగ్రత్తగా దించుతానన్నావు. ఎక్కడ దించావు?"

కోటి గడియారం మీంచి చూపు తిప్పాడు.

"భవానీపురంలో," అన్నాడు.

"నోర్ముయ్!" మణికుమార్ అరిచాడు. ఒక కానిస్టేబుల్ అతని భుజం పట్టాడు.

"భవానీపురంలో సార్. ట్రైనింగ్ సెంటరని మేడ అద్దెకి తీసుకున్నారు. పైన గదిలో. మూడింటికి కారొస్తుంది. వేరే రాష్ట్రం బండి. ఎక్కడికో నాకు చెప్పలేదు సార్, దేవుడి మీద ఒట్టు."

గోడ గడియారంలో రెండూ నలభై ఒకటి.

*

పంతొమ్మిది నిమిషాలు. గవర్నర్‌పేట నుంచి భవానీపురం ఎంతో దూరం లేదు. కానీ ఆ పంతొమ్మిది నిమిషాల్లో విజయవాడలో ఎన్ని ఆటోలున్నాయో అన్నీ వీళ్ల జీపుకే అడ్డమొచ్చాయి. సైరన్ వేశారు. సిటీ బస్సు కదల్లేదు. వీరమ్మ ముందు సీటు రాడ్డు పట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. పెదవుల మీద ఏదో పేరు. ఏ దేవుడిదో, కూతురిదో.

రెండూ యాభై ఎనిమిది. సందు చివర మేడ. గేటు ముందు తెల్ల కారు. ఇంజన్ ఆన్‌లో ఉంది. జీపు అడ్డంగా ఆగింది. ఎస్సై దూకాడు. కారు డ్రైవరు చేతులెత్తేశాడు. లోపల ఇంకొకడు గోడ దూకబోయి రెండో కానిస్టేబుల్‌కి దొరికాడు.

మెట్లు. సుబ్బరత్నం మోకాళ్లు ఆ రోజు నొప్పి మర్చిపోయాయి. రెండో అంతస్తు. తలుపుకి బయట గొళ్లెం, తాళం. ఎస్సై ఇటుకతో కొట్టాడు. మూడో దెబ్బకి ఊడింది.

ట్రైనింగ్ కోసం పెట్టిన వంటగది. పెద్ద ఫ్రిజ్, పొయ్యి, మూల ఒక మంచం, గోడ మీద అరబ్బీ మాటలు తెలుగులో రాసిన చార్టు. ఆ చార్టు కింద హేమ నిటారుగా నిలబడి ఉంది. వాళ్లని చూసి, జుట్టు వెనక్కి తోసుకుని అంది.

"ఎస్సై గారూ, నా పనయ్యాక ఉష కాగితం కూడా చూడండి. ఒకటే నెంబరు."

వీరమ్మ పరుగెత్తుకెళ్లి కూతుర్ని వాటేసుకుంది.

కేసు అయిపోయింది. మణికుమార్ రిమాండ్‌లో ఉన్నాడు. కోటి అప్రూవర్ అయ్యాడు. అదే వీసా నెంబరు ఉన్నవాళ్లు ఇంకో పదకొండుమంది బయటపడ్డారు. ఉష వాళ్ల అన్నయ్య ఇప్పుడు తలుపు తీస్తున్నాడు.

ఇక నేనొకటి ఒప్పుకోవాలి. ఈ కథలో కల్పితం ఒక్క చోటుంది. హేమ నిటారుగా నిలబడి ఎస్సైతో ఆ మాట అనటం, తల్లి వాటేసుకోవటం. అది నేను పెట్టాను.

తలుపు తీసేటప్పటికి ఆ పిల్ల గదిలో కనబడలేదు. మంచం కింద, గోడకి అతుక్కుని ఉంది. వీరమ్మ "అమ్మా హేమా" అని పిలిచింది. రాలేదు. మళ్లీ పిలిచింది. రాలేదు. రెండు రోజులుగా కాపలావాళ్లు ఆ పిల్ల ఫోనులో ఉన్న తల్లి పాత వాయిస్ మెసేజులు పెట్టి వినిపిస్తున్నారట, చెప్పినట్టు వినకపోతే ఈ గొంతు ఇక వినపడదని. అందుకని తల్లి గొంతు వినబడితే, ఫోనే అనుకుంది. చెవులు మూసుకుంది.

వీరమ్మ ఇంక పిలవలేదు. అందర్నీ బయటికి పొమ్మంది. చీర కొంగు పక్కకి తోసి నేల మీద పడుకుంది. చెయ్యి మంచం కిందికి చాపి, అలాగే ఉంచింది. చేపలు తోమి తోమి ఆ చేతికి వాసన పోదు. ఎన్ని సబ్బులు రాసినా పోదు. ఫోనులో ఏ గొంతైనా వస్తుంది గాని, ఆ వాసన రాదు.

నలభై నిమిషాలు పట్టింది. మొదట ఒక వేలు తగిలింది. తరవాత అయిదు.

ఇది రాయాలని రెండుసార్లు కూర్చున్నాను. చెయ్యి ఆడలేదు. అందుకని ఆ పిల్లని నిటారుగా నిలబెట్టాను.